మేస్త్రి మాటకు రాసిన చీటీలు

నిఘంటువు చేసేవాడికి అన్ని మాటలూ తెలుసని లోకం నమ్మకం. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళు నాకు పరీక్ష పెడతారు. ఏదో ఒక మాట చెప్పి అర్థం అడుగుతారు. తెలియదంటే, ఇన్నేళ్ళు జీతం తిని ఏం చేశావన్నట్టు చూసి అప్పడం విరుచుకుంటారు. మా ఆవిడ జయమ్మ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. "మాటలు యాడ పుట్టినయో చెప్తడు గని, కండ్లద్దాలు యాడ వెట్టిండో చెప్పడు" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. నిజమే. ఇది రాయడం మొదలుపెట్టే ముందు కూడా పావుగంట వెతికాను. ఫ్రిజ్ మీద దొరికాయి.

మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ దగ్గర కంప్యూటరు ఉంది, లక్షల వాక్యాలున్నాయి. ఒక మాట కొడితే చిటికెలో వంద ఉదాహరణలు కళ్ళముందు పడతాయి. ఇక మేం చేయడానికి మిగిలిన పనేమిటి సార్ అని అడిగారు. మంచి ప్రశ్న. టీ తాగుతూ సగం చెప్పాను, మిగతా సగం రాసిస్తానన్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళు ఇందులో ఉండవు. అవి అన్ని నౌకరీలలో ఒక్కటే. ఒక మాట గురించి మాత్రం చెబుతాను. నా నౌకరిలో అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది ఆ మాట మీదే, అన్నిటికంటే పెద్ద తప్పు చేసింది కూడా అక్కడే. ఆ మాట "మేస్త్రి".

చీటీలో ఐదో గీత

మా ఆఫీసు హనుమకొండ సుబేదారిలో ఒక ఇంటి మేడమీద ఉండేది. కింద జిరాక్సు దుకాణం. వరంగల్ చుట్టుపక్కల కష్టం చేసుకుని బతికేవాళ్ళ నోట ఉన్న మాటలను పోగుచేసి నిఘంటువు వేయడం మా పని. నేత, వడ్రంగం, కుమ్మరం, ఇల్లు కట్టడం, ధాన్యం మార్కెట్టు, ఇట్లా ఒక్కొక్కరికి కొన్ని పనులు పంచారు. మాట దొరికితే చీటీ రాయాలి. చీటీలు చెక్క సొరుగుల్లో అక్షరాల వరుసన ఉండేవి. ఊళ్ళల్లో నన్ను చీటీల సారు అనేవాళ్ళు.

నా ముప్పై నాలుగేళ్ళలో పెద్దసార్లు చాలామంది వచ్చారు, పోయారు. ఒకాయన హాజరు పుస్తకం తప్ప ఇంకే పుస్తకమూ తెరవలేదు. ఒకాయనకు తన ముందుమాటలో తన ఫొటో ఎంత పెద్దగా పడుతుందనేదే చింత. పని నేర్పింది మాత్రం మా సంపాదకురాలు విమలమ్మ గారు ఒక్కరే. సన్నటి మనిషి, ఎప్పుడూ కాటన్ చీర, గొంతు వింటే మార్కెట్టులో హమాలీలు కూడా ఆగేవాళ్ళు. ఆవిడ మమ్మల్ని "శభాష్" అన్న రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. తిట్టిన రోజులు మాత్రం తేదీలతో సహా గుర్తున్నాయి.

చీటీలో ఐదు గీతలు ఉండేవి. మాట, అర్థం, చెప్పిన మనిషి, ఊరు. ఐదో గీత మీద "చేతిలో" అని అచ్చువేయించింది విమలమ్మ గారే. ఆ మాట అన్నప్పుడు ఆ మనిషి చేతిలో ఏముందో రాయాలి. పార ఉందా, నూలు కండె ఉందా, పిల్ల ఉందా, బీడీ ఉందా. కొత్తలో నేను ఇది ముసలావిడ చాదస్తం అనుకుని నవ్వుకున్నాను. ఐదో గీత ఖాళీగా వదిలి రాసిన చీటీల కట్టను ఆవిడ మెట్ల మీద నుంచి కిందికి విసిరారు. జిరాక్సు దుకాణం ముందు కూర్చుని ఏరుకున్నాను.

ఆ గీత ఎందుకో ఒక నేతపనివాడి ఇంట్లో తెలిసింది. మగ్గం చూపించి ఈ భాగాన్ని ఏమంటారని అడిగితే, చదువుకున్న సారు అడుగుతున్నాడని ఆయన పుస్తకాల్లో ఉండే పేరు చెప్పాడు. నేను రాసుకున్నాను. కాసేపటికి పోగు తెగింది. అప్పుడు ఆయన ఇంటామెను కేకేసి, అదే భాగానికి వేరే పేరు పెట్టి, అది జరుపమన్నాడు. మొదటిది నా కోసం చెప్పిన మాట. రెండోది పని కోసం చెప్పిన మాట. నిఘంటువుకు కావలసింది రెండోది.

అందుకే విమలమ్మ గారివి ఇంకో రెండు రూల్స్ ఉండేవి. మాటను అడగొద్దు, పని జరిగే చోట కూర్చుని అది వచ్చేదాకా ఆగాలి. ఒకరి నోట విన్నది చాలదు, ముగ్గురి నోట వినాలి. ఈ రెండూ నేను వందలసార్లు పాటించాను. ఒక్కసారి తప్పాను. ఆ ఒక్కసారి ఎందుకు తప్పానంటే, నాకు యూరప్ పోయే తొందర.

ఫాదర్ గారి కోళ్ళు

యూరప్ అంటే విమానం ఎక్కి కాదు, మాట వెంట పోవడం. మాటలు ఎక్కడ పుట్టి ఎట్లా తిరిగి మన దగ్గరికి వచ్చాయో వెతకడమంటే నాకు పిచ్చి. "మేస్త్రి" మన మాట కాదు. పోర్చుగీసు ఓడల వెంట తీరంలో దిగి, ఊరూరా నడిచి ఇక్కడిదాకా వచ్చింది. వాళ్ళ భాషలో అది "మెస్త్రె". తెలివైనవాడు ఇంతటితో ఆగి రెండు వాక్యాలు రాసి భోజనానికి పోతాడు. నేను ఆగలేదు.

ఖాజీపేట వైపు ఒక ముసలి ఫాదర్ గారు ఉండేవారు. ఇటలీ నుంచి పడుచు వయసులో వచ్చి ఇక్కడే ముసలివాడైన మనిషి. లాటిన్, ఫ్రెంచి బాగా వచ్చు, జర్మన్ కొంత వచ్చు, మన మాట మనకంటే బాగా వచ్చు. మేం ప్రొటెస్టెంట్లం కాబట్టి నన్ను చూడగానే "వచ్చినవా, తప్పిపోయిన గొర్రె" అని ఆటపట్టించేవారు. వరండాలో కూర్చుని కోళ్ళకు నూకలు వేస్తూ మాట్లాడేవారు. ఆయన దగ్గర రాసుకున్న చీటీలన్నిటి మీదా "చేతిలో: నూకలు" అని ఉంటుంది.

ఆయన చెప్పిందీ, నేను లైబ్రరీలో సరిచూసుకున్నదీ ఇది. మూలం లాటిన్‌లో "మగిస్తెర్". అందులో ఉన్న "మగిస్" అంటే ఎక్కువ. ఎక్కువ తెలిసినవాడు, పైన ఉండేవాడు అని. దానికి ఎదురుమాట "మినిస్తెర్". అందులో ఉన్న "మినుస్" అంటే తక్కువ. కింద ఉండి సేవ చేసేవాడు అని. ఇంగ్లీషువాళ్ళ మినిస్టర్ ఆ మాటే. అంటే మాటల పుట్టుక ప్రకారం మేస్త్రి పైన, మంత్రి కింద. నేను ఈ సంగతి ఆఫీసులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. విమలమ్మ గారు మాత్రం, మంత్రి గారు మన పుస్తకం విడుదలకు వచ్చిన రోజు ఇది చెప్పకు అన్నారు.

అక్కడి నుంచి ఆ మాట దేశదేశాలు తిరిగింది. ఇటలీలో సంగీతం నడిపించే పెద్దను "మాయెస్త్రో" అంటారు. చేతిపని తెలిసినవాణ్ణి "మాస్త్రో" అంటారు. స్పెయిన్‌లో అది బడిపంతులు. ఫ్రాన్సులో అరిగి అరిగి "మెత్ర్" అయింది, కోర్టులో వకీలును అట్లా పిలుస్తారు. జర్మనీలో "మైస్టర్" అంటే తన పనిలో పరీక్ష నెగ్గి, ఇంకొకరికి నేర్పే అర్హత సంపాదించినవాడు. ఫుట్‌బాల్‌లో గెలిచిన జట్టుకు కూడా అదే మాట. హాలండులో చిన్నపిల్లలు బడిలో సారును "మేస్తర్" అని పిలుస్తారు. రష్యాలో "మాస్తెర్" అంటే పనిలో చెయ్యి తిరిగినవాడు. ఫ్రాన్సు దక్షిణాన చలికాలంలో ఈడ్చి కొట్టే గాలికి కూడా ఈ కుటుంబంలోని పేరే, "మిస్త్రాల్", గాలులన్నిటికీ పెద్ద అని. ఇంగ్లీషులో "మాస్టర్" అయింది. అదే ఇంకా పలచబడి "మిస్టర్" అయి, ఏమీ తెలియని మగవాళ్ళ పేర్ల ముందు కూడా చేరింది.

ఇంకో తమాషా ఉంది. ఓడ ఎక్కి వచ్చిన మేస్త్రి ఇక్కడ ఇటుక పట్టుకున్నాడు. తర్వాత ఇంగ్లీషువాడి రైలెక్కి వచ్చిన మాస్టరు ఖాజీపేట జంక్షన్‌లో పచ్చజెండా పట్టుకున్నాడు, బడిలో సుద్దముక్క పట్టుకున్నాడు, హోటల్లో టీ కాచాడు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు. రోజూ ఒకే బస్సులో పోతారు, ఒకరినొకరు ఎరగరు.

ఈ ఆనందంలో ఉండగా ఒకరోజు ఫాదర్ గారు అడిగారు. "మా తాన చిన్నపిల్లలకు సదువు చెప్పే ఆమెను మాయెస్త్రా అంటం బిడ్డా. ఆడామె. మీ తాన ఆడ మేస్త్రి లేదా?"

లేదు ఫాదర్, ఇక్కడ మేస్త్రంటే మగవాడే, అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎవలిని అడిగినవ్?"

కాంట్రాక్టరును అడిగానన్నాను. ఆయన ఇంకో గుప్పెడు నూకలు విసిరారు. ఒప్పుకున్నారనుకుని నేను లేచి వచ్చాను.

నిజంగానే కాంట్రాక్టరునే అడిగాను. పేరు సాంబయ్య. హనుమకొండలో ఒక ఇల్లు కడుతుంటే, ఎండకు తాళలేక ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, మేస్త్రంటే ఎవరని అడిగాను. "కూలోళ్ళ మీద పెద్ద. మొగోడు" అన్నాడు. రాసుకుని వచ్చేశాను. అడగొద్దన్న చోట అడిగాను. ముగ్గురి దగ్గర వినాల్సింది ఒకరితో సరిపెట్టాను. ఆ నెల విమలమ్మ గారు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నారు. పట్టుకునేవాళ్ళు లేరు. పుస్తకంలో ఇట్లా పడింది: "మేస్త్రి: కూలీలపై అజమాయిషీ చేస్తూ కట్టుబడి పని చేయించే పురుషుడు." దాని కింద మగిస్తెర్ నుంచి మిస్త్రాల్ దాకా రెండు నిలువు వరుసలు నా పాండిత్యం. ఆ పేజీ చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

బుక్కుల లేదట

పుస్తకం వచ్చి రెండేళ్ళయింది. ఒక గురువారం పొద్దున ఒకామె మేడమెట్లు ఎక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి. కాళ్ళ పగుళ్ళలో సిమెంటు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం. గుమ్మంలో నిలబడే, "ఈ ముచ్చట రాసినోళ్ళెవలు?" అంది. నా పేజీ అది.

పేరు కొమురమ్మ. హసన్‌పర్తి అవతల ఊరు. భర్త తాపీపని చేసేవాడు, నడుము పోయి మంచాన పడితే ఆయన తాపీ ఈమె పట్టుకుంది. అప్పటిదాకా సిమెంటు మాలు మోసిన మనిషి గోడ కట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆడపిల్లలకు కట్టుబడి పని నేర్పే ఒక కేంద్రం పెడుతున్నారు. నేర్పడానికి అనుభవమున్న మేస్త్రి కావాలన్నారు. ఊరి ఆడవాళ్ళు ఈమె పేరు పంపారు. ఎవరో అభ్యంతరం చెప్పారు. అక్కడి ఆఫీసరు చెడ్డవాడేం కాదు, దేనికైనా కాగితం ఆధారం కావాలనే మనిషి. మా నిఘంటువు తెరిచాడు. "పురుషుడు" అని ఉంది. నువ్వు సాయానికి ఉండమ్మా, నేర్పడానికి ఇంకొకరిని చూస్తాం అన్నాడు. సోమవారం పేర్లు పైకి పోతాయి.

"ఇరువై ఏండ్ల సంది గోడలు కడ్తాన సారూ" అంది. "నేనొస్తెనే నేర్చుకుంటమని పన్నెండు మంది ఆడిపిల్లలు పేర్లిచ్చిన్రు. నేను కాదంటె వాళ్ళ అవ్వయ్యలు పంపరు. గాయినేమొ, బుక్కుల లేదమ్మా అంటాండు."

అప్పుడు నేను చేసింది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. కుర్చీ చూపించకుండానే ఉపన్యాసం మొదలుపెట్టాను. నిఘంటువు ఎవరికీ హక్కులు ఇవ్వదమ్మా, జనం ఏమంటారో అదే రాస్తుంది అన్నాను. ఆమె మొహం చూసి, ఊరడిద్దామని లాటిన్ కూడా చెప్పాను. మగిస్, ఎక్కువ తెలిసినవాళ్ళు, అంటూ. చివరిదాకా విన్నది.

"అంటె ఎక్కువ తెల్సినోళ్ళు, గంతేనా?"

అంతే, అన్నాను.

"మరి నాకెంత తెల్సొ చూడకుంట, మొగా ఆడా అని ఎందుకు రాసిన్రు సారూ?"

లోపలి గదిలోంచి విమలమ్మ గారు వచ్చారు. ముందు కొమురమ్మను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. తర్వాత సొరుగు లాగి "మేస్త్రి" చీటీ తీసి నా ముందు పెట్టారు. ఒకటే చీటీ. ఐదో గీత మీద నా అక్షరాలే: "చేతిలో: ఏమీ లేదు." తప్పు రెండేళ్ళుగా అక్కడే, నా దస్తూరీలోనే ఉంది. ఎవరూ పట్టించనక్కర లేదు, చదువుకుంటే చాలు. ఆమె ముందు ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంతకంటే తిడితే బాగుండేది.

కొమురమ్మ దిగి వెళ్ళాక నేను తొందరపడ్డాను. మనకు తెలిసిపోయింది కదా మేడం, ఇప్పుడే మార్చి సంతకం చేద్దాం అన్నాను.

"అప్పుడు తొందరల రాసినవ్, ఇప్పుడు జాలితోని రాస్తవా?" అన్నారు. "రెండు ఒకటే దయాకర్. సోమవారం లోపట మూడు చీటీలు తే. ఎవ్వరిని అడగకు. దొరకకపోతె, దొరకలేదని ఆమెకు నువ్వే చెప్పిరా."

హసన్‌పర్తి గోడ

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి హసన్‌పర్తి పోయాను. చెరువు వైపు పోయే దారిలో ఒక కాలేజీకి ప్రహరీగోడ కడుతున్నారు. కొమురమ్మ అక్కడే పనిలో ఉంది. కాంట్రాక్టరు ఎవరనుకున్నారు, అదే సాంబయ్య. నన్ను చూసి, బుక్కు అమ్ముడుపోతోందా సారూ అని పలకరించాడు. గొడుగు వేసుకుని ఇటుకల కుప్ప మీద కూర్చున్నాను.

పొద్దంతా విన్నాను. మాలు మోసే ఆడవాళ్ళు ఆమెను "కొమురక్కా" అన్నారు. మల్లయ్య అనే పెద్ద తాపీపనివాడు "కొమురీ" అన్నాడు. సాంబయ్య "ఓ అక్కా" అన్నాడు. మేస్త్రి అన్న మాట గోడ చుట్టుపక్కల ఎక్కడా వినబడలేదు. నా నాలుక మీద ప్రశ్న దురద పెడుతోంది. ఏమయ్యా, ఈమెను ఏమంటారు అని ఒక్క మాట అడిగితే అయిపోతుంది. పళ్ళు బిగించి కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా తెరిచి అన్నంలో పచ్చిపులుసు కలుపుకుంటుంటే పక్కకు పోయి కూర్చున్నాను. నేను ఎందుకు వచ్చానో ఆమెకు తెలుసు. తెలిసి కూడా పక్కవాళ్ళతో చెప్పలేదు. చెబితే ఆ ఆడవాళ్ళు గోడ కూలేటట్టు మేస్త్రీ మేస్త్రీ అని అరిచేవాళ్ళే. ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"చెప్పి అనిపిచ్చుకుంటె అది నాదెట్లయితది సారూ" అంది.

ఆ పూట నాకు ఆమె మీద గౌరవం పుట్టింది, నా మీద అసహ్యమూ పుట్టింది. సాయంత్రం ఖాళీ చీటీలతో ఇంటికి వచ్చాను. జయమ్మకు చెబితే, ఇంత దానికి నువ్వే ఒకసారి మేస్త్రీ అని పిలిచి రాసుకోరాదా అంది. రూలు ఒప్పుకోదన్నాను. "నీ రూలు నువ్వే కలుపుకొని తిను" అని గిన్నె నా ముందు పెట్టింది.

శనివారం పదింటికి మల్లయ్య, ఇంకో తాపీ కుర్రవాడు టీకి పోయారు. గోడ మీద కొమురమ్మ ఒక్కతే ఉంది. లచ్చమ్మ అనే ఆమె తట్ట దించుకుని, కింద మాలు కలిపేవాడి మీద విరుచుకుపడింది. "గిదేం మాలు? నీళ్ళోలె ఉన్నది, మేస్త్రి వద్దంటాంది" అని తట్ట తిప్పి కొట్టింది. రాశాను. చేతిలో: తట్ట.

గంట తర్వాత గోడ మూల దగ్గరికి వచ్చింది. చెరువు పక్క కాబట్టి అక్కడ నేల కొంచెం మెత్తన. తాపీ కుర్రవాడు ఇటుక పెట్టబోతే మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగురా. మూల మేస్త్రి చూసినంకనే." అని, అటు తిరిగి "కొమురీ, జర ఇటు రా" అని పిలిచాడు. ఆమె వచ్చి, దారానికి కట్టిన ఇనుపగుండు వదిలి చూసి, రెండు ఇటుకలు తీయించి, మళ్ళీ పెట్టించింది. రాశాను. చేతిలో: తాపీ. నిన్నటి నుంచి నాకు అర్థం కానిది అప్పుడు అర్థమైంది. మొహం మీద ఆమె అక్కే. పని అడ్డం పడి ఆమె కావలసి వచ్చినప్పుడే మేస్త్రి.

మూడోది మధ్యాహ్నమే దొరికింది, అంటే దొరికిందనుకున్నాను. అందరి చేతులూ ఖాళీ లేక కొమురమ్మ నన్ను ఇటుకల వరుస చూసే దారం కొస పట్టుకొమ్మంది. పట్టుకుని, "సరిపోయిందా మేస్త్రీ" అన్నాను. మనసులోంచి వచ్చిన మాటే. ఎగిరి గంతేసి చీటీ రాసుకుని సాయంత్రం విమలమ్మ గారి ఇంటికి పరిగెత్తాను. ఆవిడ మూడూ చదివారు. మూడోదాని మీద అడ్డంగా గీత కొట్టారు. రాసేవాడి నోటి మాట చెల్లదన్నారు. నేను వాదించలేదు. ఆవిడ చెప్పింది నిజమే.

ఆదివారం చర్చి ఎగ్గొట్టాను. దేవుడు క్షమించాడనే అనుకుంటున్నాను, మా పాస్టరు గారు మాత్రం ఇప్పటికీ గుర్తు చేస్తారు. గోడ దగ్గర పని నడుస్తోంది. పన్నెండయింది, రెండయింది. ఏమీ లేదు. రేపు పొద్దున ఈమెకు ఏమని చెప్పాలా అని మాటలు కూడబెట్టుకోవడం మొదలుపెట్టాను.

మూడింటికి కాలేజీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. గేటు ఇంకొంచెం ఇటు జరపొచ్చా, గోడ ఆగుతుందా అని సాంబయ్యను అడిగాడు. అంతకు కాసేపటి ముందే కొమురమ్మ దారం కొస సాంబయ్య చేతికి ఇచ్చి, కదలకుండా పట్టుకొమ్మని గోడ అవతలికి పోయింది. ఆయన ఆ దారం వదలకుండా అట్లాగే నిలబడి, "నాకేం తెల్సు సారు, మేస్త్రినడగాలె" అన్నాడు. అని, గోడ అవతలికి గొంతు పెంచి "ఓ అక్కా" అని కేకేశాడు.

రాశాను. రెండుసార్లు చదువుకున్నాను. ఆ పెద్దమనిషి పోయాక సాంబయ్య దగ్గరికి పోయి, మేస్త్రంటే మొగోడు అన్నావు కదయ్యా అప్పుడు అన్నాను.

"గప్పుడు నువ్వు అడిగితె చెప్పిన సారూ" అన్నాడు. "గిప్పుడు పనిమీదున్న."

నా ముప్పై నాలుగేళ్ళ నౌకరిలో విమలమ్మ గారి తర్వాత నాకు పాఠం చెప్పింది సాంబయ్యే. పాపం, ఆయనకు ఆ సంగతి తెలియదు.

లెక్కలోకి రాని చీటీ

సోమవారం తొమ్మిదింటికి విమలమ్మ గారు సంతకం చేసి ముద్ర వేశారు. "మేస్త్రి: కట్టుబడి పని బాగా తెలిసి, పక్కవాళ్ళకు చూపుతూ చేసే, చేయించే మనిషి." అది పట్టుకుని ఆటోలో ఆ కేంద్రానికి పోయాను. ఆఫీసరు రెండుసార్లు చదివి, అంటే ఆడవాళ్ళు కూడానా అని అడిగాడు. మనిషి అని రాసి ఉంది సార్ అన్నాను. నవ్వి, కాగితం ఫైలులో పెట్టి, ఆమె పేరు రాసుకున్నాడు.

తర్వాత ఆ సవరణ చీటీలు అచ్చువేయించి, జిగురు సీసా సంచిలో వేసుకుని, మా పుస్తకం ఉన్న లైబ్రరీలన్నీ తిరిగి నా చేత్తో అతికించాను. ఆఫీసులో కొందరు అది నాకు వేసిన శిక్ష అనుకున్నారు. నేనే అడిగి తీసుకున్నాను. ఫాదర్ గారికి కూడా పోయి చెప్పాను. "ఈసారి ఎవలిని అడిగినవ్?" అన్నారు. ఎవ్వరినీ అడగలేదు ఫాదర్ అన్నాను. చేతిలో ఉన్న నూకలన్నీ ఒక్కసారే కోళ్ళకు పోసి, కడుపుబ్బ నవ్వారు. ఇప్పుడు ఆయనా లేరు, విమలమ్మ గారూ లేరు. ఉన్నన్నాళ్ళూ మంచి మనుషుల మధ్య పని చేశాను. ఆ తృప్తి నాకుంది.

అమ్మాయిలూ, మీరు అడిగిందానికి నా జవాబు ఇది. మీ కంప్యూటరు చూపించే వంద వాక్యాలు వద్దనను. నాకు అప్పుడు ఉంటే నేనూ కళ్ళకద్దుకునేవాణ్ణి. కానీ వాటికి ఐదో గీత ఉండదు. కొమురమ్మను మేస్త్రి అన్నవాళ్ళు కాగితం మీద ఎన్నడూ అనలేదు, గోడ పక్కన అన్నారు. ఆ గోడ దాకా పోవడమే మీకు మిగిలిన పని. మాట పుట్టుక కోసం యూరప్ అంతా తిరగండి, నేనూ తిరిగాను, మళ్ళీ పుడితే మళ్ళీ తిరుగుతాను. ముందు మాత్రం హసన్‌పర్తి బస్సెక్కండి.

చివరగా ఒక చీటీ సంగతి. నేర్పడం మొదలైన రోజు కొమురమ్మ నన్ను రమ్మంది. భయమైతాంది సారూ, జర వెనుక నిలబడు అంది. పోయి నిలబడ్డాను. ఆవరణలో మోకాలెత్తు గోడ, చుట్టూ ఆ పన్నెండు మంది. ఆఫీసరు ఆమెను కొమురమ్మ గారు అని పరిచయం చేసి వెళ్ళిపోయాడు. పిల్లలు తాపీలు పట్టుకున్నారు. ఒక పిల్ల గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని, గిట్లనా అక్కా అని అడిగింది. కొమురమ్మ వెనక నుంచి వెళ్ళి, ఆ పిల్ల చెయ్యిని తన చేతిలోకి తీసుకుని, మణికట్టు కొంచెం తిప్పింది.

"ఇంటికాడ అక్కను" అంది. "ఈడ మేస్త్రిని."

ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. అప్పటికి పుస్తకం సవరించడం అయిపోయింది, నాకు ఇంకో చీటీతో పని లేదు. అయినా జేబులోంచి తీసి రాశాను. దాన్ని సొరుగులో పెట్టలేదు. ఇన్నేళ్ళ నౌకరిలో ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే, దొంగతనం అంటే అనండి. నా కళ్ళద్దాల డబ్బాలో ఉంటుంది. ఎన్నిసార్లు అద్దాలు పోగొట్టుకున్నా డబ్బా మాత్రం పోగొట్టుకోలేదు.

మాట: మేస్త్రి.
చెప్పిన మనిషి: కొమురమ్మ.
చేతిలో: ఇంకో పిల్ల చెయ్యి.